బొగ్గు మిల్లు మీద గుర్రపు నాడా

మా తోడల్లుడంటే నాకు పడేది కాదు. ఎందుకని ఆ రోజుల్లో ఎవరైనా అడిగితే పది కారణాలు చెప్పేవాణ్ణి. పొగరనేవాణ్ణి, పెద్దా చిన్నా చూసుకోడనేవాణ్ణి, నూనె రాసి వెనక్కి దువ్విన ఆ క్రాఫు చూస్తేనే ఒళ్ళు మండుతుందనేవాణ్ణి. ఇప్పుడు అడిగితే ఒక్కటే చెబుతాను. అతనికి నాకంటే పని బాగా తెలుసు. ఆ సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది.

ఇద్దరం ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో, ఒకే ఫౌండ్రీలో ఫిట్టర్లం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బోగీల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను రైల్వే క్వార్టర్లోనే పుట్టాను. మామగారు బాయిలర్ షాపులో చేసి రిటైరై, ఆ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. పెద్ద కూతుర్ని నాకిచ్చారు. అయిదేళ్ళ తరవాత చిన్న కూతురికి సంబంధం వచ్చినప్పుడు, మీ ఫౌండ్రీలోనే కదా, కుర్రాడు ఎలాంటివాడని నన్నే అడిగారు. బంగారమన్నాను. అప్పటికి అతను కొత్తగా చేరాడు, తల వంచుకుని పోతుండేవాడు. నిజంగానే మంచివాడనుకున్నాను. నిజంగా మంచివాడే. నా బాధ కూడా అదే.

మా పని బొగ్గును పొడి చెయ్యడం. రైల్వేలో బొగ్గంటే ఇంజను పొయ్యిలో వేసే పెళ్ళలే అందరికీ తెలుసు. ఫౌండ్రీకి పొడి కావాలి. బ్రేకు దిమ్మలూ, ఇరుసు పెట్టెలూ ఇసుక అచ్చుల్లో పోత పోస్తారు. ఆ ఇసుకలో బొగ్గుపొడి కలపకపోతే కరిగిన ఇనుము ఇసుకను పట్టుకుని వదలదు. పోత తీసి చూస్తే ఒళ్ళంతా గరుకుగా, పొక్కులు పొక్కులుగా ఉంటుంది. కలిపితే నున్నగా ఊడి వస్తుంది.

ఆ పొడి కొట్టే మిల్లు పదకొండేళ్ళు నా చేతిలో ఉంది. పెద్ద ఇనప పీపా, దాంట్లో సగం దాకా ఇనప గుండ్లు. పీపా తిరుగుతుంటే గుండ్లు పైకెక్కి బొగ్గు మీద దొర్లిపడతాయి. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు, చెవితో తెలుసుకోవాలి. బొగ్గు తక్కువైతే గుండ్లు పీపా గోడను కొట్టి గలగలమంటాయి. ఎక్కువైతే గొంతు పట్టేసినవాడిలా మూలుగుతుంది. రెంటికీ మధ్య ఒక చప్పుడుంది, నిండుగా, హాయిగా. ఆ చప్పుడు పట్టడంలో ఫౌండ్రీ మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. అవతలి చివర ఇసుక మరలు నడుస్తున్నా, నా మిల్లులో ఒక గుండు పగిలితే నాకు వినపడేది. నా పొడి ఎంత మెత్తగా ఉండేదంటే, అరచేతిలో పోసి ఊదితే ఏమీ మిగిలేది కాదు. ఫౌండ్రీకి ఎవరొచ్చినా ఇలా ఊది చూపించేవాణ్ణి.

పీపా లోపలి గోడకు బిగించే పలకలు అరిగినప్పుడల్లా మార్చీ మార్చీ, చివరికి పీపాకే పగుళ్ళు వచ్చాయి. కొత్త మిల్లు తెప్పించాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఫోర్‌మన్ సాహెబు మా ఇద్దర్నీ పిలిచి, ఎలాంటిది తెప్పిస్తే మంచిదో మీ మాట చెప్పండన్నాడు. పోతూ పోతూ ఇంకో ముక్క కూడా అన్నాడు. కొత్త మిల్లుతో పాటు ఫిట్టర్ల మీద పెద్దగా ఒక మిస్త్రీ పోస్టు వస్తుందట. ఇద్దరిలో ఎవరన్నది వానలు వెళ్ళి, విశ్వకర్మ పూజ అయ్యాక తేలుస్తాడట.

ఆ పోస్టు నాదేననుకున్నాను. అనుకోవడమేమిటి, క్వార్టర్ల లైనంతా చెప్పేశాను కూడా. మిల్లు సంగతికి జవాబు చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు. ఇలాంటిదే ఇంకొకటి, దీనికంటే పెద్దది అన్నాను. అతను మాత్రం వారం గడువు కావాలన్నాడు. బయటికి రాగానే నవ్వాను.

"ఏటి, పెళ్ళిసూపులకెల్తన్నావేటి, వారం ఆలోసించడానికి?"

"నాకు నీ అంత అనుబవం నేదు గదా అన్నియ్యా. నలుగుర్నీ అడిగి తెలుసుకోవాల" అన్నాడు.

ఆ వారమంతా ఫౌండ్రీలో అటూ ఇటూ తిరిగాడు. బొగ్గు యార్డుకు వెళ్ళి గంపెడు బొగ్గు తెచ్చి తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూచాడు. ఎంత తడి ఉందో చూశాడన్నమాట. బొగ్గుతో పాటు వాగన్లలోంచి ఏమేం వస్తున్నాయో ఏరి ఒక డబ్బాలో వేశాడు. పాత బోల్టులు, గునపం మొనలు, పట్టాలకు కొట్టే మేకులు. అచ్చులు పోసేవాళ్ళ దగ్గర కూర్చుని బీడీలు పంచాడు. నేను ఇదంతా చూసి, వేషాలనుకున్నాను.

వారం తరవాత ఫోర్‌మన్ గదిలో అతను చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఏ మిల్లు కావాలని ముందు అడగకూడదట, ఎలాంటి పొడి కావాలని అడగాలట. మన పనికి పిండిలాంటి పొడి అక్కర్లేదు, సన్న రవ్వలా ఉంటే చాలు. దానికి గుండ్ల మిల్లు దండగ. ఇరుసుకు వేలాడే సుత్తులతో కొట్టే మిల్లయితే నాలుగో వంతు జాగాలో పడుతుంది, గంటలో చేసేది పావుగంటలో చేస్తుంది. అడుగున జల్లెడ మార్చుకుంటే ఎంత సన్నం కావాలంటే అంత సన్నం. దానికి రెండే భయాలు. తడి బొగ్గు జల్లెడను మూసేస్తుంది. ఇనప ముక్క పడితే సుత్తులు పగిలిపోతాయి. అందుకని మిల్లుతో పాటు ఇనుమును పట్టే పెద్ద అయస్కాంతం కూడా తెప్పించాలి. ఇంత చెప్పి, ఆ ఇనప ముక్కల డబ్బా బల్ల మీద పెట్టాడు.

పిండిలాంటి పొడి ఎందుకు అక్కర్లేదని నేను గట్టిగానే అడిగాను. ఫోర్‌మన్ సాహెబు అచ్చుల షాపు పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన బెంగాలీ, నాతో పదకొండేళ్ళుగా టీ తాగేవాడు. తల గోక్కుంటూ హిందీలో చెప్పాడు. పొడి మరీ మెత్తనైతే ఇసుకలో సందులన్నీ పూడిపోతున్నాయి, వేడికి పుట్టిన ఆవిరి బయటికి పోవడానికి దారి లేక పోతలో బెజ్జాలు పడుతున్నాయి, అందుకని మేమే యార్డు నుంచి ముతక పొడి తెచ్చి దాంట్లో కలుపుకుంటున్నాం అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు అంత మురిసిపోతూ ఊది చూపించేవాడివి దాదా, ఎలా చెప్పను?" అన్నాడాయన.

ఆ మాట అన్న బెంగాలాయన మీద నాకు కోపం రాలేదు. బల్ల పక్కన, డబ్బా దగ్గర నిలబడ్డవాడి మీద వచ్చింది. అతని ముఖంలో వెటకారం కోసం వెతికాను. కనపడలేదు. కనపడి ఉంటే ఆ రోజు హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఆ ఆదివారం ఝపటాపూర్‌లో మామగారింట్లో భోజనం. పెద్ద రోహూ చేప తెచ్చారు. చేప తల ఎప్పుడూ పెద్దల్లుడి విస్తట్లో పడేది, అంటే నా విస్తట్లో. ఆ రోజు అత్తగారు గరిటెతో తలను పైకెత్తి, నా ముందు నుంచి దాటించి అతనికి వేసింది.

"కొత్త మిల్లు నీ మాట మీదే తెప్పిస్తన్నారంట గదా బాబూ. తిను, బుర్రకి మంచిది" అంది. నా వైపు తిరిగి, "నువ్వు ముల్లు నేని ముక్క ఏసుకో నాయినా, వయసొస్తంది గదా" అంది.

నాకప్పుడు ముప్ఫై ఎనిమిది.

అతను వెంటనే విస్తట్లోంచి తల తీసి నాకు వెయ్యబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. దారిలో సైకిలు వెనక కూర్చున్న మా ఆవిడతో అతని గురించి పుల్లవిరుపుగా ఏదో అన్నాను. క్వార్టరు దగ్గర దిగాక ఆవిడ, "ఆడు నా సెల్లి మొగుడు. గేపకం ఉంచుకోండి" అని లోపలికి పోయింది.

కొత్త మిల్లు వానల ముందు వచ్చింది. నా పాత పీపాను విప్పే పని నాకే ఇచ్చారు. గుండ్లు ఒక్కొక్కటీ తీసి బస్తాల్లో వేస్తుంటే, కొత్తలో కొబ్బరికాయంత ఉన్నవి నిమ్మకాయంత అయిపోయి కనిపించాయి. పక్కనే అతను కొత్త మిల్లు బిగిస్తున్నాడు. అది నడుమెత్తు పెట్టె. పైన బొగ్గు పోసే గరాటు, అడుగున జల్లెడ, మధ్యలో సుత్తులు. ఇంత దానికా అంత హడావుడి అనిపించింది. స్విచ్ వెయ్యగానే చెవులు చిల్లులు పడేలా అరిచింది. పావుగంటలో అచ్చులవాళ్ళకు పొద్దుటి పూటకు సరిపడా పొడి పోసింది. బెంగాలాయన గుప్పెడు తీసి వేళ్ళ మధ్య రుద్ది, ఠీక్ హై అన్నాడు. నా పొడిని ఎప్పుడూ అలా రుద్ది చూడలేదు.

మిల్లు అతని చేతిలో పెట్టారు. నన్ను అతనికి జతగా వేశారు. పాడు చెయ్యడానికి ఒక్క సందు దొరికితే చాలునని కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూశాను. దొరకనిచ్చేవాడు కాదు. సుత్తుల అంచులు అరిగితే తిప్పి రెండో అంచు వాడేవాడు. కొత్త సుత్తులు వెయ్యాల్సి వస్తే గోల్‌బజార్‌లో ఒక కిరాణా కొట్టు నుంచి తెచ్చిన తక్కెడలో తూచి, ఎదురెదురుగా ఉండే రెండూ ఒకే బరువు ఉండేలా జతలు కట్టేవాడు. బరువు తేడా ఉంటే తిరిగేటప్పుడు మిల్లు ఊగి బేరింగులు పోతాయట.

"పప్పుల కొట్టు ఎట్టినావేటి?" అన్నాను అందరూ వినేలా.

"ఏటి సెయ్యమంటావు అన్నియ్యా, ఇది తూసి పెడితే గాని తిన్నంటంది" అన్నాడు. అందరూ నవ్వారు. నా మాటకు కాదు, అతని మాటకు.

వానలు మొదలయ్యాయి. తడి బొగ్గు జల్లెడకు పేడలా పట్టేసి, మిల్లు ఒక రోజంతా ఆగిపోయింది. ఆ రోజు నేను రెండు సార్లు టీ తాగాను, ఎవరో జోకు చెబితే పగలబడి నవ్వాను. మర్నాటికి అతను బొగ్గును ఒక రోజు ముందే తెప్పించి, అచ్చుల భాగాలు ఆరబెట్టే పొయ్యి పక్కన వేడి నేల మీద పరిపించాడు. సాయంత్రానికి పెళపెళలాడింది. తరవాత ఎంత వాన కురిసినా మిల్లు ఆగలేదు. నాకు వాన మీద కూడా కోపం వచ్చింది.

అన్నిటికంటే భరించలేనిది ఇంకొకటుంది. అతను రోజూ నన్ను పిలిచేవాడు. "అన్నియ్యా, ఓపాలి ఇటు రా. ఈ బేరింగు కాడ సెవి ఎట్టి సూడు. నాకేటీ తెలడం నేదు, నీకైతే తెలస్తాది." నేను చెవి పెట్టి ఎడమ వైపుది పొడిబారిందనో, మూత బోల్టు వదులైందనో చెప్పేవాణ్ణి. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఫోర్‌మన్ వచ్చినప్పుడు అతను, ఇది కనిపెట్టింది మా అన్నియ్య అని చెప్పేవాడు. నా మీద జాలి పడుతున్నాడనుకున్నాను. పెద్దమనిషి వేషం నా ఖర్చుతో వేస్తున్నాడనుకున్నాను.

మిల్లుతో పాటు రావాల్సిన అయస్కాంతం మాత్రం రాలేదు. వేరే వాగనులో వస్తుందన్నారు, వారాలు గడిచాయి. అది వచ్చేదాకా అతనే బొగ్గును ఇనప జాలీ మీద పరిచి, చేత్తో కెలికి, ముక్కలు ఏరేవాడు. మిల్లు వెనక గోడ మీద సుద్దతో, తెలుగులో, బెంగాలీలో, హిందీలో, ఇనుము రానివ్వకండి అని రాశాడు. మూడు భాషల్లోనూ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు కార్ఖానా గేట్లు బార్లా తెరుస్తారు. మిషన్లన్నిటికీ సెలవు. కడిగి, నూనె తుడిచి, బంతి పూలు వేస్తారు. ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని, మొగుళ్ళు ఏడాదంతా ఏ ఇనుము దగ్గర నిలబడుతున్నారో చూడ్డానికి వస్తారు. మా అత్తగారూ, అక్కచెల్లెళ్ళిద్దరూ పసుపూ కుంకుమ పళ్ళెంతో వచ్చారు. ఫౌండ్రీలో ఎవరి నోట విన్నా కొత్త మిల్లు మాటే. మిస్త్రీ పోస్టు అతనికే అని కూడా అప్పటికి అందరూ అనేస్తున్నారు. మా మరదలు ముఖం వెలిగిపోతోంది, ఆ వెంటనే దిష్టి భయం కూడా పుట్టుకొస్తోంది.

మా ఆవిడ పళ్ళెం మీద గుడ్డ తీసింది. నల్ల దారం, నిమ్మకాయ, ఏడు మిరపకాయలు, వాటి మధ్య ఒక గుర్రపు నాడా. స్టేషను దగ్గర టాంగా తోలేవాణ్ణి అడిగి తెచ్చిందట. గుర్రం కాలికి అరిగిన నాడా దిష్టి తగలనివ్వదని మావాళ్ళు ఇళ్ళ గుమ్మాలకు కొడతారు. ఆవిడ స్టూలెక్కి, బొగ్గు పోసే గరాటుకు సరిగ్గా పైనున్న ఇనప కడ్డీకి దాన్ని కట్టసాగింది.

అతని ముఖం తెల్లబోయింది. "ఒదినా, అక్కడొద్దు. గుమ్మానికి కడదాం. దీని నోట్లో ఇనుము పడకూడదు" అన్నాడు.

"నోటి కాడే కట్టాల. ఎవులి కళ్ళు పడినా ముందు పడీది అక్కడే గదా" అంది మా ఆవిడ, చెయ్యి ఆపకుండా.

"ఒకపాలి కట్టినాక అమాస దాకా ముట్టుకోకూడదు బాబూ. ఇప్పితే ఆ దిష్టంతా నీకే తగుల్తాది" అంది అత్తగారు.

మూడు భాషల్లో గోడ మీద రాసినవాడు వదిన ముందు రెండో మాట అనలేకపోయాడు. వదిన కట్టింది విప్పడం మా ఇళ్ళల్లో లేదు. అమావాస్యకు ఇంకా పన్నెండు రోజులుంది. ఏం చేస్తాడు, కట్టు తీగ తెచ్చి, నాడాను కడ్డీకి రెండు మెలికలు వేసి బిగించాడు. స్టూలు దిగుతూ మా ఆవిడ నన్ను తేరిపార చూసింది. మెచ్చుకోమంటోందనుకుని తల ఊపాను.

ఆ తరవాత అతను రోజూ మిల్లు నడిపే ముందు స్టూలెక్కి తీగ చూసుకునేవాడు. ఎనిమిది రోజులు అలా చూశాడు. తొమ్మిదో రోజు గూడ్స్ షెడ్డు నుంచి కబురు వచ్చింది, అయస్కాంతం దిగిందని. ఆ సంబరంలో ఆ రోజూ, మర్నాడూ అటూ ఇటూ పరుగెత్తాడు. సోమవారం బిగించేద్దామన్నాడు. తీగ చూసుకోవడం మరిచిపోయాడు.

శనివారం పొద్దున్న మిల్లు నడుస్తోంది. అంత రొదలోనూ నాకు ఒక చిన్న చప్పుడు వినపడింది. టింగు. కాసేపాగి మళ్ళీ టింగు. తల ఎత్తి చూశాను. తీగ ఒక మెలిక విడిపోయింది. నాడా ఒక పక్కకు వాలి, మిల్లు ఊగినప్పుడల్లా గరాటు అంచుకు తగులుతోంది. అది ఇంకెవరికీ వినపడే చప్పుడు కాదు. అతనికి అసలే వినపడదు, అందుకే కదా రోజూ నన్ను పిలిచేవాడు.

ఒక్క కేక వేస్తే చాలు. స్విచ్ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. మిల్లు ఆపెయ్యడానికి ముందుకు జరిగి చెయ్యి చాస్తే చాలు.

పడాలని నేను కోరుకోలేదు, పడదేమోననుకున్నాను అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పడాలనే కోరుకున్నాను. మిల్లు పగలాలి, సుత్తుల మిల్లు పనికిరాదని తేలాలి, ఫోర్‌మన్ నా వైపు తిరిగి నువ్వు చెప్పిందే నిజమయ్యా అనాలి. ఇవన్నీ వరసగా కళ్ళకు కట్టాయి. మనిషికి తగలొచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు. నేను మూడడుగులు వెనక్కి జరిగి, నూనె డబ్బా సర్దుతున్నట్టు వంగాను. అంటే ఆ ఆలోచన వచ్చిందేనేమో. టింగు టింగుమని పదిహేను సార్లు విన్నాను. తరవాత ఆ చప్పుడు ఆగింది.

ఆ పైన వినపడ్డది చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మిల్లు ఒక్కసారి ఎగిరి కూలబడింది. మూత బోల్టులు తెగాయి. సుత్తి ముక్క ఒకటి అతని చెవి పక్కనుంచి పోయి, వెనక గోడ మీద తెలుగులో ఇనుము అని రాసిన చోట పెచ్చు లేపింది. ఫౌండ్రీ అంతా బొగ్గుపొడి కమ్మింది. ఎవరో పరుగెత్తి కరెంటు తీశారు.

ఆ నల్లటి దుమ్ములోంచి అతను తడుముకుంటూ నా దగ్గరికే వచ్చాడు. ముఖంలో కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. నా రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"అన్నియ్యా, నీకేటీ అవ్వనేదు గదా? నీకేటీ అవ్వనేదు గదా?"

అవ్వలేదన్నాను.

మధ్యాహ్నం విచారణ. విరిగిన నాడా ముక్కలు ఫోర్‌మన్ సాహెబు బల్ల మీద ఉన్నాయి. ఇనుము రానివ్వకండని గోడ మీద రాసి, మిల్లు నోటి మీద ఇనుము వేలాడదీసిన తెలివితక్కువ వాడెవడని అడిగాడు. అందరూ చూస్తుండగా కట్టింది మా ఆవిడ. కట్టొద్దని ఒక్కడే అన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా నోట్లోంచి మాట రాకముందే, అసలు వచ్చేదో లేదో తెలియకముందే, అతను ముందుకు జరిగాడు.

"మై బాంధా, సాబ్" అన్నాడు. నేనే కట్టాను.

చూసినవాళ్ళెవరూ కాదనలేదు. ఇంటి ఆడమనిషి పేరు విచారణలో రానివ్వడం ఎవరికీ ఇష్టం లేదు. వారంలో అతన్ని చక్రాల షాపులో లేత్ మిషను మీదికి మార్చారు. విరిగిన మిల్లు బాగుపడింది. అయస్కాంతం బిగించారు, నేనే బిగించాను. మిస్త్రీ పోస్టు నాకు వచ్చింది.

ఆ సాయంత్రం అతను గోల్‌బజార్ నుంచి బూందీ పొట్లం పట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. వెంట తక్కెడా, ఒక నోటు పుస్తకమూ తెచ్చాడు. ఏ సుత్తి ఎంత బరువో, ఎప్పుడు వేశాడో, ఎప్పుడు తిప్పాడో అందులో రాసి ఉంది.

"జతలు జతలుగా తూసి ఎయ్యి అన్నియ్యా. బేరింగులు నీ సెవే సూసుకుంటాది" అన్నాడు.

వెక్కిరిస్తున్నాడా అని మళ్ళీ ముఖంలోకి చూశాను. మళ్ళీ ఏమీ కనపడలేదు. ఆ శనివారం నేను విన్నానని అతనికి తెలుసో లేదో ఈనాటికీ నాకు తెలియదు. పుస్తకం విప్పితే గుండ్రటి అక్షరాలు. పోస్టు నాదైంది, మిల్లు నాదైంది, అతను లేత్ ముందు ఇనప రజను ఊడ్చుకుంటున్నాడు. అయినా ఆ అక్షరాలు చూస్తే నాకు కడుపు రగిలింది. వదిన మీద మాట పడకుండా నిలబడ్డవాడు అతను, ఆ వదిన మొగుణ్ణి నేను. అందులోనూ నాకంటే ముందే ఉన్నాడు.

మా ఆవిడ ఆ ఏడాది మిల్లు మాట ఎత్తలేదు. నాడా మాటా ఎత్తలేదు. తను కట్టిన దానివల్లే ఇదంతా జరిగిందని కుమిలిపోతోందనుకుని, ఒకసారి ఓదార్చబోయాను కూడా. పోనీలే, నువ్వు మంచికే కట్టావన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. ఈసారి మిల్లుకు నేను మిస్త్రీని. పొద్దున్నే వెళ్ళి కడిగి, పెట్టెకు ఆకుపచ్చ రంగు వేయించి, బంతిపూల దండలు వేయించాను. అందరూ వచ్చి చూస్తున్నారు. మా ఆవిడ పళ్ళెంతో వచ్చి, గరాటుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. దీపం చూపించింది. అయిపోయిందన్నట్టు వెనక్కి జరిగింది.

నేను పైన కడ్డీ వైపు చూశాను. పాత తీగ కొస ఇంకా అక్కడే ఉంది. నాకోసం ఎవరైనా భయపడితే బాగుండుననిపించింది. సిగ్గు విడిచి అడిగాను.

"మరి దిష్టికి ఏటీ తేనేదేటి? నా మిల్లుకి దిష్టి తగలదేటి?"

ఆవిడ కుంకుమ వేళ్ళు మిషన్లు తుడిచే పీచు గుడ్డకు తుడుచుకుంది. పక్కవాళ్ళకు వినపడకుండా, కోపం లేకుండానే చెప్పింది.

"నిరుడు కట్టింది మీ కళ్ళకే. ఇప్పుడు మిల్లు మీదే గదా. ఇంకెవులికని కట్టాల?"

ఆవిడ పళ్ళెం ఎత్తుకుని, చెల్లెల్ని పిలిచి, చక్రాల షాపు వైపు బయలుదేరింది. అక్కడ అతని లేత్‌కు కూడా బొట్టు పెట్టాలి. గేటు దగ్గర గాలికి పళ్ళెం మీద గుడ్డ తొలిగింది. కింద ఒక నిమ్మకాయ, మిరపకాయలు, నల్ల దారం ఉన్నాయి. ఇనుము మాత్రం లేదు.